చిల్లకూరు దాకా పోయిన రొయ్యల గుంట

"రెండేళ్ళు ఎందుకు ముత్యాలయ్యా? ఆరు నెలలు చాలు. నన్ను చూడు."

తోటపల్లి గూడూరులో సుధాకర్ టీ కొట్టు ముందు బెంచీ మీద పెంచలకృష్ణ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రొయ్యల గుంటలకు కరెంటు పని చేస్తాడు. ఎదురుగా ముత్యాలయ్య, జేబులో కొత్త వల కోసం దాచిన నలభై వేలు. పక్కన ఇంటర్ పాసైన కూతురు వినీల. ఎలక్ట్రీషియన్ అవుతానని ఆ పిల్ల పట్టు. ప్రైవేటు సంస్థలో ఆరు నెలల సర్టిఫికెట్‌కు నలభై వేలు. గవర్నమెంటు ఐటీఐలో ఫీజు కొంచెమే, కానీ రెండేళ్ళు సంపాదన ఉండదు. అక్కడ సీటు వచ్చింది. చేరడానికి ఈ రోజే ఆఖరు.

"సర్టిఫికెట్ తెచ్చుకున్న మర్నాడే సంజీవరావు గారి గుంట కాడ స్టార్టరు బాగుచేసినా. పది నిమిషాల పని. ఎంతిచ్చినాడో తెలుసా? రెండు వేలు!"

"పోయినేడు ఐదొందలని చెప్పినావే," అన్నాడు సుధాకర్.

"అది స్టార్టరుకి. మిగతాది నా చేతికి. వినబ్బయా. ఆ గుంటలో ఎనిమిది ఏరియేటర్లు. అవి తిరిగితేనే నీళ్ళలోకి గాలి పోయేది, లేకపోతే రొయ్యలు ఊపిరాడక పైకి తేల్తాయి. ఆ తర్వాత వారమే తుఫాను, కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది, సంజీవరావు గారు గట్టు మీద కూలబడి కండువా నోట్లో కుక్కుకొని ఏడుస్తా ఉన్నాడు. నేను చూసినా. ట్రాక్టరు కనబడింది. దాని చక్రానికి బెల్టేసి, జనరేటరు డైనమో తిప్పి, ఎనిమిదింటికీ ఒక్క దెబ్బన కరెంటిచ్చినా. ఆ గాలికి రొయ్యలు ఎట్టా బలిసినాయంటే, పొద్దున కిలోకి వంద తూగినవి మధ్యాన్నానికి కిలోకి పది!"

"సాయంత్రానికి?"

"ఒక్కోటి కిలో. మీసాలు పట్టుకొని ఇద్దరేసి మనుషులు లాగినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్పీడు జాస్తి అయిపోయింది. ఎనిమిదీ ఒకే దిక్కుకి నీళ్ళు తోస్తా ఉంటే గుంటకి గుంటే కదిలింది, గట్లతో సహా! నెల్లూరు దాటింది, హైవే ఎక్కింది, లారీలు పక్కకి తప్పుకుంటా ఉన్నాయి, టోల్‌గేటు వాడు ఎన్ని చక్రాల బండికి కట్టించుకోవాలో తెలీక ఏరియేటర్ల చక్రాలు లెక్కబెడతా నిలబడ్డాడు. మద్రాసు మార్కెట్లో రేటు బాగుందని రొయ్యలకి ఎవరు చెప్పినారో!"

"నువ్వే చెప్పుంటావులే."

"గమ్మునుండు సుధాకరా. నేను బండేసుకుని వెంటబడి చిల్లకూరు కాడ అందుకున్నా. త్రీఫేజు మోటారుకి మూడు వైర్లలో ఏవైనా రెండు అటూ ఇటూ మారిస్తే ఎదురు తిరుగుతుంది. ఆరు నెలల కోర్సులోనే చెప్తారు. మార్చినా. గుంట వచ్చిన దోవనే వెనక్కి వచ్చి తన చోట కూర్చుంది. చుక్క నీళ్ళు పోలా!"

"మరి ట్రాక్టరు?"

"వైరు తగిలించి ఉంది గదా, అదీ వెనకాలే వచ్చింది. సంజీవరావు గారు పద్నాలుగు లక్షలు చేతిలో పెట్టినాడు. వద్దన్నా. బలవంతం చేస్తే ఒక్క లక్ష తీసుకున్నా. ఆరు నెలల చదువుకి ఒక్క రోజు సంపాదన! ఐటీఐ పిల్లోళ్ళు ఆ రోజు ఇంకా బల్బు బొమ్మ గీస్తా ఉన్నారు."

బెంచీ మీద వాళ్ళంతా నవ్వినారు. ముత్యాలయ్య నవ్వలేదు. చెయ్యి జేబు మీదే ఉంది.

"గుంట సంగతి వదిలెయ్ అబ్బయా. నెలకి ఇరవై వేలు వస్తాయా?"

"ఇరవయ్యా? అది నా పెట్రోలు ఖర్చు!"

"మామా," అంది వినీల, "నిన్న ఐటీఐలో మీ అమ్మాయి స్వర్ణ కనబడింది. ఎలక్ట్రీషియన్ ట్రేడులోనే చేరిందంట. మీరే చేర్పించినారంట."

పెంచలకృష్ణ టీ గ్లాసులోకి చూసినాడు.

"చెప్పు పాపా, ఆపబాక," అన్నాడు సుధాకర్.

"కొత్త గుంటకి కనెక్షన్ రావాలంటే పర్మిట్ ఉన్న మనిషి సంతకం ఉండాలంట. మామ సర్టిఫికెట్‌కి పర్మిట్ ఇవ్వరంట. పని మామ చేస్తే, సంతకం పర్మిట్ ఉన్న శివశంకర్ గారు పెడతారంట. వచ్చినదాంట్లో సగం ఆయనకే. ఇరవై ఏళ్ళుగా ఇదే వరసంట. 'నీ కూలి నీకే మిగలాల, రెండేళ్ళు ఓర్చుకో' అని స్వర్ణకి వాళ్ళ నాయనే చెప్పినాడంట."

పెంచలకృష్ణ కాలు కిందికి దించినాడు.

"సగం కాదు," అన్నాడు. "మూడో వంతే."

ముత్యాలయ్య అప్పటికే లేచినాడు. "బండెక్కు పాపా. ఐటీఐ నాలుగింటికి మూసేస్తారు."

వినీల ఎగిరి వెనక కూర్చుంది. బండి మలుపు దాకా పోయిందో లేదో, పెంచలకృష్ణ రోడ్డు మధ్యకి పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని అరిచినాడు.

"ముత్యాలయ్యా! ఫొటోలు ఆరు కావాల! టీసీ జిరాక్సులు రెండు సెట్లు! మొన్న స్వర్ణకి ఒక్క ఫొటో తక్కువైందని నన్ను మళ్ళీ ఇంటికి తరిమినారు!"