విజిల్ ఊదేదాకా

బేతంచెర్లలో శనివారం సాయంత్రం కూరగాయలు కొనుక్కొని వస్తున్న టీచరమ్మకు, తన క్లాసులో చదివే ముంతాజ్ ఇంట్లోంచి పప్పు మాడుతున్న వాసన తగిలింది. తలుపు తోసి చూస్తే, ముంతాజ్ వాళ్ల అవ్వ మంచం కింద ఉంది.

"ఏమవ్వా, కింద పడినావా?"

"పడలేదమ్మా, దూరినా. భూకంపం వస్తే ఇట్ల దూరాలని నువ్వే నేర్పినావంట కదా."

"భూకంపం యాడ వచ్చింది? గనిలో బండలకు తూటా పెట్టి పేల్చినారు, అంతే."

"గిన్నెలు కదిలినాయి. పిల్ల దూరమనింది."

"సరే, ఇంక బయటికి రా. పప్పు మాడుతాంది."

"విజిల్ ఊదు, వస్తా. విజిల్ ఊదేదాకా ఎవురూ లేయగూడదంట కదా. దాన్ని అడిగి తెచ్చేదానికే పిల్ల మీ ఇంటికి పోయింది."

టీచరమ్మ తల కొట్టుకుంది.

"ఆ మాట చెప్పిందే నేను. నేనే రమ్మంటాండా, రా."

"నిన్న బడిలో విజిల్ ఊదకముందే లేచినోళ్లకు గోడకుర్చీ ఏపిచ్చినావంట. ఈ మోకాళ్లతో నాకు గోడకుర్చీ యాడయితాదమ్మా?"

ఇక లాభం లేదని, టీచరమ్మ తానే పోయి పప్పు గిన్నె దించింది. అంతలో గనిలో మరో తూటా పేలింది. ఇల్లు దద్దరిల్లి, పైకప్పు బండల సందుల్లోంచి మన్ను రాలింది. కళ్లు తెరిచేసరికి టీచరమ్మ కూరగాయల సంచీతో సహా మంచం కింద ఉంది.

"కొంచెం జరుగు అవ్వా."

"జరుగుతాలే. మీ ఇంటికి తాళం ఏసి వచ్చినావా?"

"ఏసినా."

"విజిల్?"

"ఇంట్లోనే ఉండాది."

"అయితే ఇంక మనిద్దరికీ ఊదేదెవురమ్మా?"