లోపలి తాళం

ప్రభుత్వ తనిఖీకి రెండు రోజులే ఉంది. క్లీవ్‌లాండ్‌లోని ఆ తక్కువ అద్దె ఇళ్లలో మరమ్మతులు చూసే మనిషి, మూడో అంతస్తు ముసలావిడ తలుపు దగ్గర స్క్రూడ్రైవర్‌తో కూర్చున్నాడు.

"లోపలివైపు తాళంచెవితో తీసే తాళం ఉండకూడదమ్మా. మంటలు లేస్తే చెవి వెతుక్కుంటారా? ఇది కనబడితే భవనం మొత్తానికి మార్కులు పోతాయి."

"బిగించింది నువ్వేగా నాయనా! అప్పుడు మంటలు లేవవా?"

"అప్పుడు మీ ఆయన మతి తప్పి బయటికి పోతుండేవారు. మీ ఏడుపు చూడలేక బిగించాను. ఆయన పోయి ఏడాదైంది. ఇంకా ఎవరికోసం వేస్తున్నారు?"

"ఆ ఒక్కరోజు వేయలేదు. మంచు కురుస్తోంది, ఈ చలిలో ఎక్కడికి పోతాడులే అనుకున్నాను."

అతని చేయి ఆగింది.

"ఇప్పుడు రోజూ చీకటి పడగానే ఈ లోపలి పిడి కదులుతుంది. తాళం ఉంది గనక బయటికి పోకుండా ఆగిపోతున్నాడు."

అతను చివరి స్క్రూ తీశాడు. ఆవిడ వంటగదిలోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి తలుపుకు ఆనించింది.

"తలుపుకు సామాను అడ్డం పెట్టినా తప్పేనమ్మా."

"తనిఖీవాళ్లు వస్తే తీసేస్తానులే. చీకటి పడ్డాక ఈ కుర్చీలో నేనుంటాను. మనిషిని సామాను కింద రాయరుగా?"