యాభైమంది కావాల

నట్టింట్లోకి నడుములోతు నీళ్ళు వచ్చిన వరద నుంచి లెక్కపెడితే ఇది పదో ఏడు. తొండియార్‌పేటలో ఒక శుక్రవారం సాయంత్రం, చిత్ర ఇంటి ముందుగది. ఒకప్పుడు యాప్‌లు రాసేవాళ్ళ సంఘంలో ఆమెతో పాటు ఉన్న కేదార్ వచ్చి కూర్చున్నాడు. తలుపు పక్క కుర్చీలో చిత్ర మామ ఆంజనేయులు ఉన్నాడు. మూడో తరగతితో బడి మానేసి, హార్బరులో నలభై ఏళ్ళు మూటలు మోసిన మనిషి. అడిగితే తప్ప నోరు విప్పడు.

“నిన్ను రావద్దనలేదు చిత్రా. వచ్చి కూర్చో అంటున్నాను.”

“కూర్చునేదానికి నేను రాను కేదార్. బల్ల కావాల నాకు. ఆదివారం మైలాపూరు హాల్లో సంఘం మీటింగులో, అందరి మాదిరి బల్లేసుకుని నా యాప్ చూపిస్తా.”

“బల్ల... బల్ల కష్టం.”

“ఏం, బల్లలు తక్కువైనాయా?”

“బల్లలున్నాయి. నీ యాప్‌కి మనుషులు లేరు.”

“ఉండారు.”

“ఎంతమంది?”

“కాపీ తాగు. చల్లారతా ఉండాది.”

“ఎంతమంది చిత్రా?”

“ముగ్గురు.”

“ముగ్గురు.”

“నవ్వబాకు.”

“నవ్వలేదు. ఎవరా ముగ్గురు?”

“నేను. నా మొగుడు కార్తికేయ. పక్కింటి సెలీనా.”

“మీ మామగారు?”

“ఆయనది బటన్ ఫోనప్పా. ఆయన్ని ఇందులోకి లాగబాకు.”

“రూలు తెలుసు కదా. బల్ల కావాలంటే ముందురోజు మధ్యాహ్నం లోపల, ఒక్కరోజులో, యాభైమంది ఆ యాప్‌ని తెరిచి ఉండాలి. అంటే రేపు పన్నెండుకి.”

“నాకు రూలు చెప్తావా? పెట్టిందే నేను.”

“అవును, నువ్వే. బొమ్మ చూపించి చప్పట్లు కొట్టించుకుని పోయేవాళ్ళు మనకొద్దు, వాడే జనముండాల అని నా చేతిలో మైకు లాక్కుని మరీ అరిచావు.”

“అరిచినా. ఇప్పుడూ అదే అంటా.”

“అయితే విను. అందరితో మాట్లాడి వచ్చాను. పాతదానివి కాబట్టి నీకు ఈ ఒక్కసారికి రూలు వదిలేస్తారట. మూలగా ఒక చిన్న బల్ల...”

“వొద్దు.”

“పూర్తిగా విను.”

“వొద్దన్నా గదా. నేను పెట్టిన రూలు నాకే తీసేసి, మూల కూర్చోబెట్టి, పాపం చిత్ర అని వరసగా వొచ్చి చూసి పోతారా? యాభైమందితో వొస్తా. లేదంటే...”

“లేదంటే?”

“గేటు బయట నిలబడి చూపిస్తా. రోడ్డు మీ సంఘానిది కాదు గదా.”

“నువ్వేం మారలేదు.”

“మారినా. పదేండ్లు కంపెనీలో ఇంకోళ్ళు రాసిన యాప్‌ల్లో తప్పులు వెతికినా. ఇంక చాలు. పోయిన నెలే రాజీనామా ఇచ్చేసినా.”

“ఇంట్లో ఏమన్నారు?”

“అది నాకూ నా మొగుడికీ ఉండే మాట.”

“సరే. ఇంకొకటి అడగనా? అప్పుడు మమ్మల్నందర్నీ వదిలి ఎందుకు పోయావు?”

“వరద వొచ్చింది.”

“వరద అందరికీ వచ్చింది. నువ్వొక్కదానివే పోయావు. గ్రూపులోంచి కూడా, ఒక్క ముక్క చెప్పకుండా. ఎన్నిసార్లు ఫోన్ చేశానో తెలుసా?”

“లాప్‌టాప్ మునిగింది.”

“లాప్‌టాప్‌దేముంది, మేమే తలా ఇంత వేసుకుని కొనిచ్చేవాళ్ళం. నీ నీళ్ళబండి యాప్ అంటే మాకందరికీ ఎంత గొప్ప. వీధిలో ఒకరు నీళ్ళ లారీని చూసి మీట నొక్కితే మిగతా ఇళ్ళన్నీ బిందెలతో దిగేవి. ఎక్కడికి పోయినా మా చిత్ర రాసిందని చెప్పుకునేవాణ్ణి.”

“తాళం మునిగింది కేదార్.”

“ఏ తాళం?”

“యాప్ తాళం. ఆ ఫైలు లేకుంటే దాంట్లో అక్షరం మార్చేదానికి కుదరదని నీకు తెలవదా? అది ఆ లాప్‌టాప్‌లో తప్ప ఇంకేడా పెట్టలా.”

“నువ్వా? తాళం మూడుచోట్ల దాచండి అని నెలనెలా కొత్తవాళ్ళకి క్లాసు పీకిన నువ్వా?”

“నేనే. అందుకే మొహం చూపించలా. చాలునా? కొత్త ఫోన్లు వొచ్చినాయి, యాప్ తెరవంగానే ఆగిపోతా ఉండె. సరిచేసేదానికి నా చేతిలో ఏమీ లేదు. రోజూ తిట్లు. లారీ ఎప్పుడొస్తాదో చెప్పలేని యాప్ ఎందుకని. ఒకరోజు మూసేసినా. అంతే.”

“అదేదో అప్పుడే చెప్పి ఉంటే...”

“చెప్పుంటే పాపం అనుంటావు. ఆ మాటకే నేను పారిపోయింది.”

“సరే, పోనీ. ఇంకో దారి చెప్తాను. మా కంపెనీలో తొమ్మిదిమందిమి. ఊరంతటికీ ఒకే యాప్ చేస్తున్నాం. కరెంటు పోయే వేళలు, చెత్తబండి, బస్సు, అన్నీ. నీ నీళ్ళబండి అందులో ఒక పేజీగా పెడదాం. కింద నీ పేరు వేస్తాం.”

“కింద.”

“చిన్నగా. అందరిదీ అంతే.”

“కాపీ తాగేసి పో కేదార్.”

“కోపం వద్దు.”

“కోపం లేదు. కిందుండే పేరుకి నేను పనికి రాను. కొత్త తాళం చేసుకున్నా. మూడుచోట్ల దాచినా, నవ్వబాకు. యాప్ మొదట్నుంచి మళ్ళా రాసినా. మోసేదైనా, ముంచేదైనా నేనొక్కదాన్నే. రేపు పన్నెండు దాకా టైముండాది గదా?”

“ఉంది. కానీ మూడు వారాలుగా వీధులన్నీ తిరిగావు, ముగ్గురే అయ్యారు. ఒక్క పూటలో నలభై ఏడుమంది ఎక్కణ్ణించి ఊడిపడతారు?”

“నాకు తెలవదు. పన్నెండుకి చూసుకో.”

“పెద్దాయనా, మీరైనా చెప్పండి.”

“ఏం చెప్పేది?”

“మీ కోడలికి.”

“ఆ పిల్ల చెప్పేసింది గదా.”

“ఇద్దరూ ఒకటే. సరే, వస్తాను. చిత్రా, ఆ చిన్న బల్ల అట్లానే ఉంచమంటాను.”

“తీసెయ్యమను.”

కేదార్ వెళ్ళిపోయాడు. గదిలో మామా కోడలే మిగిలారు.

“మామా, అన్నం పెట్టేదా?”

“ఉండు. ఆ కొత్తది చూపీ.”

“ఏది, యాప్‌నా? మీకెందుకు?”

“చూపీ.”

“ఇదో. ఈ లారీ బొమ్మ మీద నొక్కితే మన తట్టు ఇండ్లన్నిటికీ గంట కొడతాది. చదివే పనే లేదు.”

“అందరికీ ఒకేసారా?”

“ఒకేసారి.”

“చివరింటికి గూడానా?”

“చివరింటికి గూడా. ఎందుకట్ట అడగతా ఉండారు?”

“నాకట్ట కుదరలా.”

“మీకేంది కుదరనిది?”

“ఒక్కో ఇంటికీ కొట్టి పెట్టేలోపల, చివరి ఇండ్లోళ్ళు దిగేసరికి లారీ ఎళ్ళిపోయుంటాది. తిడతారు.”

“ఏం కొట్టి పెట్టేది మామా?”

“మిస్డ్ కాల్.”

“ఎవరికి?”

“నీ జనానికి.”

“నా జనమేంది?”

“పాత దాంట్లో, ఏదన్నా కష్టమైతే ఫోన్ చెయ్యండని నా నంబరు ఏసినావు గదా.”

“అవును, నాకు పగలంతా ఫోన్లు రాగూడదని మీది ఏసినా. అయితే?”

“అది ఆగినాక నాకు చేసినారు. మొదట తిట్టినారు. తర్వాత లారీ వొచ్చిందా అని అడిగినారు. నేను టీ తాగేది ఆ మలుపులోనే గదా. వొచ్చిందని చెప్పినా.”

“ఎన్నాళ్ళు?”

“ఈ పొద్దు దాకా.”

“పదేండ్లా?”

“ఒక రింగైతే లారీ వొచ్చిందని. రెండైతే ఇయ్యాల రాదని.”

“ఎన్ని ఇండ్లు?”

“నూటా నలభై.”

“నూటా నలభై ఇండ్లకి, రోజూ... నాకొక్క మాట చెప్పలేదే మామా.”

“నువ్వు అడగలా. ఆ పేరెత్తితే లేచి లోపలికి పోతా ఉంటివి.”

“ఉండండి. ఉండండి. అంటే ఈ మూడు వారాలు నేను వాకిలి వాకిలీ తిరిగితే, మాకొద్దమ్మా, లారీ వొస్తే మాకు తెలస్తాదిలే అని తలుపేసుకున్నది మీ వల్లనా?”

“అయ్యుండొచ్చు.”

“అయ్యుండొచ్చంట. నా యాప్‌కి అడ్డం నా మామే. కేదార్‌కి చెప్తే పడిపడి నవ్వతాడు.”

“చెప్పబాకు.”

“మీరుండంగా ఇది ఎవరిక్కావాల? నేను రాసిందంతా దండగేనా?”

“అన్నం పెట్టు.”

“పెడతా. ముందు నా మాట ఇనండి. మీ నూటా నలభై నేనడగను. పదేండ్లు మీరు మోసినారు, వాళ్ళు మీవాళ్ళు. రేపు తెల్లారి మళ్ళా మొదటింటి నుంచి తలుపులు కొడతా. ఎవురూ రాకున్నా సరే, ముగ్గురితోనే ఆదివారం పోతా. గేటు బయటే నిలబడతా.”

“సరే. చారుండాదా?”

మరునాడు ఉదయం ఆరున్నరకు నీళ్ళ లారీ మలుపు తిరిగింది. ఆంజనేయులు సెలీనా ఫోను అడిగి తీసుకున్నాడు. లారీ బొమ్మ మీద వేలు ఆనించి నొక్కి, తిరిగి ఇచ్చేశాడు. తర్వాత తన ఫోను తీసి ఇరవై ఇళ్ళకు మాత్రమే ఒక్కొక్క రింగు ఇచ్చి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. లారీ శబ్దం విని వెనకవీధి ఆశ ఒక చేత్తో బిందె, ఒక చేత్తో ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. ఆమె వెనక ఇంకా చాలామంది వస్తున్నారు.

“తాతా, నాకు రింగు రాలేదేంది? ఎదురింటి ముసలామెకి వొచ్చిందంటనే.”

“ఆమెది బటన్ ఫోను.”

“అయితే నాకు?”

“నీది పెద్ద ఫోను. ఇంక దానికి రింగు రాదు, యాప్ గంటే. ఆ మొదటింటి కాడ మా కోడలు నిలబడుండాది. బిందె ఈడ పెట్టి, ఫోనుతో ముందు ఆడికి పో.”