గన్నేరు కలిపిన చెలమ

ఎర్రక్క అని ఒకామె ఉండేది. మొగుడు గిడ్డన్న, ఇద్దరు బిడ్డలు, ఒక జత ఎద్దులు, అంతే సంసారం. వాళ్ల రాజు కొత్త రాజు. పెద్ద రాజ్యం నుంచి చీలొచ్చి కోట కట్టుకోని ఇంకా పదేండ్లు కాలేదంట. తూర్పున పాత రాజుండాడు, వానితో తలపడే బలం లేదు. అందుకని పడమటికి చూసినాడు. అడివి కొట్టుకున్నోనికి కొట్టుకున్నంత భూమి, ఏడేండ్లు పన్ను లేదు అని దండోరా ఏయించినాడు. ఆ మాట విని గిడ్డన్న, ఇంకో ముప్పై ఇండ్లోళ్లు బండ్లు కట్టుకోని పోయినారు. ఖాళీ అడివనుకున్నారు. ఖాళీ యాడుంటాది నాయనా? ఆడొక వంక, చిన్న ఏరు, ఉండాది, వంకకు అవతల గొర్లు మేపుకునేటోళ్లు తాతల కాలం నుంచీ ఉండారు. వాళ్లది కన్నడం.

వీళ్లు వంకకు ఇవతల గుడిసెలేసుకున్నారు. ఎండాకాలమొస్తే వంకలో ఇసక తోడి చెలమ తీస్తే తప్ప చుక్క నీళ్లు దొరకవు. ఒకే చెలమ, రెండు పక్కలోళ్లూ ముంచుకుంటారు. అక్కడ ఎర్రక్కకు ఒకామె కలిసింది. పేరు కెంచమ్మ. మన మాటలో ఎర్రక్క, వాళ్ల మాటలో కెంచమ్మ, రెండూ ఒకటే పేరంట. అది తెలిసినప్పుడు ఇద్దరూ కడవలు కింద పెట్టి ఎంత నవ్వినారో. ఎర్రక్క చిన్నబిడ్డకు పాలు చాలకపోతే ఆ కెంచమ్మే నెల దినాలు మేకపాలు తెచ్చి పోసింది.

మూడో ఏడు ఏమైందంటే, దండును నడిపే దళవాయి మనుషులను పంపి వీళ్ల పక్క ఒక బాయి తవ్వించినాడు, అది అయినాక తానే వచ్చినాడు. వంక కాడనే ఎందుకు ఆగిపోయినారు అని అడిగినాడు. గిడ్డన్న ముందుకొచ్చి, అవతల మనుషులుండారు సామీ అన్నాడు. "నీళ్లు లేకపోతే వాళ్లే లేచి పోతారు. మీకు బాయి తవ్వించినా కదా, ఇంక ఆ చెలమతో మీకేం పని? గన్నేరు కాయలు దంచి కలపండి, పొద్దుగూకేలోగా అయిపోవాల. కాదన్నోడు భూమి వదిలి వచ్చిన దారినే పోవచ్చు" అన్నాడంట. ఆడోళ్లు దంచినారు, మొగోళ్లు మోసకపోయి కలిపినారు. ఎర్రక్క కూడా దంచింది. నేనేమీ దాచి చెప్పను, దంచింది.

తెల్లారినాక ఆమెకు కాలు నిలవలేదు. ఒట్టి కడవ చంకన పెట్టుకోని వంకకు పోయింది. పోయేసరికి పది గొర్లు ఇసకలో కాళ్లు కొట్టుకుంటా పడుండాయి. కెంచమ్మ ఇంకా గొర్ల దిక్కు చూళ్లేదు అనుకో, అప్పుడే గట్టు దిగి, ఐదేండ్ల కూతురికి దోసిట్లో నీళ్లు ముంచి ఇస్తాంది. ఎర్రక్క ఉరికి పోయి ఆ చేతులు కొట్టేసింది. "తాగొద్దు! గన్నేరు కలిపినారు!" అని అరిచింది. కెంచమ్మ గొర్లను చూసింది, ఈమె ముఖం చూసింది. "నువ్వూ దంచినావా?" అని అడిగింది. "దంచినా" అనింది ఎర్రక్క. కెంచమ్మ బిడ్డను ఎత్తుకోని గట్టెక్కి పోయింది.

మూడోనాడు అవతలోళ్లు కట్టెలూ కొడవండ్లూ పట్టుకోని వచ్చినారు. గుడిసెలు కాల్చినారు. తొమ్మిదిమందిని నరికినారు, కళ్లంలో ఉన్న గిడ్డన్నను కూడా. ఎర్రక్క గుడిసె వాకిట్లో మాత్రం కెంచమ్మ కట్టె అడ్డం పెట్టి నిలబడింది. ఈ ఇంట్లో బిడ్డలను ముట్టొద్దు అని వాళ్లోళ్లకే చెప్పింది.

దళవాయి కాచుకున్నదే దానికి. మన రైతులను చంపినారు అని రాజుకు కబురు పంపి, గుర్రాలేసుకోని వంక దాటినాడు. నాలుగు దినాలు పడమట పొగ లేస్తానే ఉండింది. పొగ ఆగినాక ఎర్రక్క ఒక్కతే పోయి ఎతికింది. మూడు రాళ్ల పొయ్యిలు కనపడినాయి, మనుషులు కనపడలేదు. కెంచమ్మ చచ్చిందో, పారిపోయిందో, ఆ బిడ్డ ఏమైందో, ఈనాటికీ ఎవురికీ తెలీదు.

గిడ్డన్న పోయినందుకు దళవాయి ఎర్రక్కకు అవతల గట్టు మీద భూమి రాసిచ్చినాడు. ఆమె ముట్టలేదు. మిగిలినోళ్లు కూడా ఊరకున్నారా? "నువ్వు నోరు మూసుకోనుంటే నీ మొగుడు బతికుండేటోడు గదే" అని ముఖం మీదే అన్నారు. "బతికుండేటోడే. ఆ బిడ్డ నా కండ్ల ముందర నీళ్లు తాగబోతాంటే నేనేం చెయ్యాల, మీరే చెప్పండి" అనింది. ఆమె ఇద్దరు బిడ్డలను బండెక్కించి, తానే ఎద్దులు తోలుకోని తూర్పుకు వచ్చేసింది.

ఇదీ కత. నేను ఎన్నో ఊర్లలో చెప్పినా. చెప్పిన ప్రతిచోటా ఎర్రక్కది తప్పా ఒప్పా అని కొట్లాడుకుంటారు. గన్నేరు కలపమన్నోనిది తప్పు అని మాత్రం ఒక్కడూ ముందుగా అనడు. మీరూ అనలేదు, చూసుకోండి.