రాముడి కాళ్ల దగ్గర రావణుడు

చందుర్తి పక్క ఊళ్లో ఆనాడు ఊరివాళ్లే వేషాలు కట్టి ఆడే చిరుతల రామాయణానికి ఆఖరి రోజు. పొద్దు వాలుతుండగా సత్తవ్వ మొగుడి ముఖానికి రావణుడి రంగు పూస్తోంది.

“ఇయ్యాల నేను బాణానికి పడిపోనే. రాముని కాళ్లు మొక్కుత.”

“రావణుడు సావకుంటే ఆటెట్ల ఒడుస్తది? పిస లేసిందా నీకు?”

“రాముడెవలు? మైసయ్య. దొర చెప్పిండని నేను కట్టెతోని చెయ్యి ఇరగ్గొట్టిన మైసయ్య.”

“దొర సిరిసిల్లకు పారిపోయినంక యాదికొచ్చిండా?”

“అడివిలకెళ్లి వచ్చిన అన్నలు ఏమన్నరో ఇన్నవు గద. మైసయ్య మాఫ్ చేస్తెనే నేను ఊళ్లె ఉండాలె. లేకుంటే...”

“గా మాట నోట్లెకెళ్లి తియ్యకు!”

“గందుకే అంటున్న. ఊరంత హారతి పట్టే రాముడు, కాళ్ల మీద పడ్డోన్ని కాదంటడా?”

సత్తవ్వ చెయ్యి ఆగిపోయింది.

“కాదనడు. రాముడు రావణున్ని మాఫ్ చేస్తడు. తెల్లారినంక మైసయ్య నిన్నెందుకు మాఫ్ చేస్తడు?”

అతడు ముఖం మీది రంగును వేలితో తడుముకున్నాడు.

“రంగు కడుక్కో. ఆట మొదలుగాక ముందే ఆయన వాకిట్లకు పో. నేను గూడ వస్త.”

“ఉత్త మొఖంతోనా? రంగు లేకుంటే నాకు భయమైతదే.”

సత్తవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి అతడి ముందు పెట్టింది.

“భయం కానియ్యి. గానాడు నీ కట్టె ముంగట మైసయ్యకు గూడ గట్లనే అయింది.”