నిమ్మరసం ఇయ్యటానికి ఒక పెద్దమనిషి

హలో… ఆఁ, నేనేరా బాలరాజూ, వెంకటేశాన్ని. తార్నాక హోంల నుంచి. ఇందాకటి సంది చేస్తున్న, ఎత్తవేంది?… నిద్రనా? మంచిగ పండుకున్నవ్. గీడ మేం దీక్షల కూసుంటే!

…దీక్షరా. నిరాహార దీక్ష. నేను, కొండలరావు, ఇంకా హోంల ఉన్న ముసలోళ్లమంత. గేటు ముందర చద్దర్లు పరుచుకొని కూసున్నం.

…షుగరా? ఉన్నది. అందరికీ ఉన్నది. అందుకే రిలే వెట్టినం. టిఫిన్ తిన్నోళ్లు లంచ్ దాంక కూసుంటరు. లంచ్ తిన్నోళ్లు చాయ్ దాంక—

నవ్వకు! యూనివర్సిటీల నువ్వు ప్రెసిడెంట్ ఉన్నప్పుడు ఆర్ట్స్ కాలేజీ ముందర మనం కూసోలే? చద్దర్ కప్పుకొని లోపట నువ్వు సమోసాలు తినలే?… ఆఁ, తిన్నవ్. తెచ్చిచ్చింది నేనే గదా.

…ఎందుకంటే, భాగ్య కోసం. మమ్ములను చూసుకునే పిల్ల… అవ్, నీ చేతిల జిలేబీ పొట్లం గుంజుకున్నది చూడు, గామెనే. మూడేండ్ల సంది నన్ను చక్కెర దిక్కు చూడనియ్యలే. గసొంటి పిల్లను ఈడికెల్లి పంపిస్తున్నరని తెలిసింది. ఇగ ఊకుంటమా? 'భాగ్యను కదిలిస్తే ఖబడ్దార్' అని అట్టమీద రాసినం. కొండలరావు నినాదం మొదలువెడ్తడు, సగంల మర్చిపోతడు. మిగిలింది మేం అందుకుంటం.

…మేనేజరా? కమలాకర్ అని, మంచోడే. వచ్చిండు. 'సార్, జర నా మాట వినుండ్రి' అన్నడు. 'డౌన్ డౌన్' అన్నం. మల్ల వచ్చిండు. మల్ల అన్నం. పాపం, బీపీ మిషన్ వట్టుకొని మా ఎంబడే తిరుగుతున్నడు.

…గెలిచినమా? గదే చెప్తున్న, నడుమల రాకు.

ఇప్పుడు చాయ్ తాగినంక భాగ్య వచ్చింది. మా ముందర నిలవడి, 'తాతా, నన్ను ఎవలూ పంపిస్తలేరు. నేనే పోతున్న' అన్నది.

…అవ్. నర్సింగ్ పాసైందంట. రామంతాపూర్ల దవాఖానల కొలువు దొరికిందంట. రేపు పొద్దుగాల చేరాలె. కమలాకర్ గదే చెప్పవచ్చిండు, మేం వింటెనా!

…అడగలే. ఆ పిల్లను మాలో ఎవలం అడగలే… ఏందిరా గట్లంటవ్? ఎవల కోసం ధర్నా చేస్తున్నమో ఆళ్లను అడిగే అలవాటు మనకు ఎప్పుడున్నది?

నవ్వుడు అయిందా? ఇగ విను. జెల్ది ఆటో ఎక్కి రా. నిమ్మరసం ఇచ్చి దీక్ష ఇడిపియ్యి.

…మా అంతట మేం తాగితే ఇజ్జత్ ఉంటదా? పెద్దమనిషి చేతుల మీదుగ తాగాలె. మాజీ ప్రెసిడెంట్‌వి, విద్యానగర్ కెల్లి రాలేవా?… మోకాలా? నాకూ ఉన్నది మోకాలు, మడిచి నేల మీద కూసున్న!

…రేపు గాదు. ఇయ్యాలనే.

…ఎందుకంటే, లోపలికి పోయేటప్పుడు భాగ్య నన్ను పక్కకు పిలిచింది. 'తాతా, నువ్వు ఉండుమంటే ఉంట. కొలువు మల్ల దొరుకుతది' అన్నది… అవ్రా. మేం గిట్లనే కూసుంటే ఆ పిల్ల నిజంగ ఆగిపోతది.

…నేనేమన్ననా? ఇటొచ్చి నీకు ఫోన్ కలిపిన. నీకు అబద్ధమెందుకు… ఉండుమందామనే ఉండె.

…భారతి సంగతి ఎరుకే గదా. ఇప్పుడు నన్ను చూస్తే బస్ కండక్టర్ అనుకుంటున్నది. ఇన్నేండ్ల పెండ్లాం, 'తార్నాకకు ఒకటియ్యి' అని చెయ్యి చాపుతది! నేనిస్తే మాత్ర ఏసుకోదు. భాగ్యను చూస్తేనే 'వచ్చినవా బిడ్డా' అని నోరు తెరుస్తది… రేపటి సంది ఎట్లరా? నాకు భయమైతున్నది.

…ఛల్, ఎట్ల ఆపుతం? మా కడుపుల పుట్టిన పిల్లైతే ఆపుతుంటిమా?

ఆగాగు… భాగ్యనే వస్తున్నది. చేతిల గ్లాసు… ఏంది బిడ్డా? నిమ్మరసమా?

బాలరాజూ, నువ్వు రాకు. పెద్దమనిషి దొరికింది.

ఓ కొండలరావూ, అట్ట దించు! దీక్ష ఒడిసింది… బిడ్డా, విను. నువ్వు పో. పొద్దుగాలనే పో. నేను ఉండుమంటలేను… ఏడుస్తవేందే? గ్లాసు ఇటియ్యి.

…

…ఆఁ, ఉన్న, లైన్లనే ఉన్న. ఏం లేదురా… తియ్యగున్నది.

…అవ్, చక్కెర ఏసింది. 'ఇయ్యాల ఒక్కదినమే తాతా' అంటున్నది… ఇగ పోతదిరా. నిజంగనే పోతది.

…గొంతుకేం గాలే. నిమ్మ పులుపు… తియ్యగున్నదంటివి గదా అంటవా? నోర్ముయ్యి.

ఆఁ బిడ్డా?… అవ్వ లేచిందా? మాత్ర నేనే ఏపియ్యాల్నా?… ఏంది, కండక్టర్ లెక్కనే పోవాల్నా?… మాత్ర ఏసుకున్నోళ్లకే టికెట్ అనాలె. ఆఁ… వింటదంటవా?

సరె, చూస్తా. జర పక్కన నిలవడు బిడ్డా, ఈ ఒక్కపారి.

బాలరాజూ, పెట్టేస్తున్నరా. డ్యూటీ వచ్చింది… ఓ భారతమ్మా! టికెట్, టికెట్! మాత్ర ఏసుకున్నోళ్లకే టికెట్—