గోడకు గుద్దుకున్న రోబో

పటాన్‌చెరు దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో, ఫ్యాక్టరీల వాసన రాకుండా కిటికీలు మూసిన ల్యాబ్‌లో, మూడో సంవత్సరం అమ్మాయి తన గైడ్ మేడంతో మాట్లాడుతోంది.

"రోబో మల్ల గోడకు గుద్దుకుంది మేడం."

"పోయినేడు సీనియర్లు రాసిన ప్రోగ్రామే గదా? అప్పుడు మంచిగనే నడిచింది."

"అప్పుడు ఎదురుంగ గోడ లేకుండె. రోబో దారి లెక్కను ఎనిమిది ప్రాసెసర్లకు పంచిండ్రు గని, అండ్ల రెండిటి జవాబు రాకముందే రోబోను కదిలించిండ్రు. అందుకే లెక్క గంత జల్దీ అయినట్టు కనబడ్డది."

"ఆ జల్దీ లెక్క గురించే జర్నల్‌ల పేపర్ అచ్చయింది. దాని మీద నా పేరు గూడ ఉన్నది."

"అందుకే ఇంకెవ్వరికీ చెప్పలే. నా రిపోర్టుల ఏం రాయాలె మేడం?"

మేడం గోడ పక్కన ఆగిన రోబో స్విచ్ ఆపి, లాప్‌టాప్ తెరిచింది.

"జరిగిందే రాయి. మా పేపర్ తప్పని నేను జర్నల్‌కు రాస్త. తప్పు ఎవరు పట్టిండ్రని అడుగుతరు. నీ పేరు చెప్పాలె గదా, బ్యూలా అని ఇంగ్లిష్‌ల ఎట్ల రాస్తవు?"